అమ్మకు హోమ్‌లో గది: అయిదున్నర లక్షల డాలర్లు ఎక్కణ్నుంచి తేవాలి?

సిడ్నీ పడమటి శివార్ల నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 49. తండ్రి పోయాక, 2010లో తల్లిని తెనాలి నుంచి తన దగ్గరికి తెచ్చుకున్నారు. ఆవిడకిప్పుడు 79 ఏళ్లు, కొన్నేళ్లుగా ఇక్కడి వృద్ధాప్య పింఛను పూర్తిగా వస్తోంది. రెండేళ్ల కిందట మతిమరుపు జబ్బు మొదలైంది. పోయిన నెల బాత్రూంలో జారిపడితే తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేశారు. ఇకమీదట ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవలేరని, ఏజ్డ్ కేర్ హోమ్‌లో చేర్పించడం మంచిదని హాస్పిటల్ వాళ్లు చెప్పారు. రెండు వారాల్లో ఏదో ఒకటి తేల్చమన్నారు.

ఆమె మొదట చూసిన హోమ్‌లో గది ధర 5,50,000 డాలర్లని కాగితం చేతిలో పెట్టారు. "ఆ అంకె చూసి నాకు కాళ్లు ఆడలేదు" అని రాశారు. ఇంటి లోన్ మీద రీడ్రా తీద్దామని, అంటే లోన్‌లో ముందుగా ఎక్కువ కట్టిన సొమ్ము వెనక్కి తీసుకుందామని భర్త అంటున్నారు. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు మాత్రం, తెనాలి ఇల్లు అమ్మ పేరున ఉంటే ఆస్ట్రేలియా గవర్నమెంటు లాక్కుంటుందని, వెంటనే తన పేరున గిఫ్ట్ డీడ్ రాయించమని పట్టుబడుతున్నాడు. "అయినా అమ్మను హోమ్‌లో పడేస్తావా అక్కా? పంపించెయ్, తెనాలిలో మనిషిని పెట్టి నేను చూసుకుంటా" అనీ అంటున్నాడు. ఇల్లు సుమారు 60 లక్షలు చేస్తుందని అతని అంచనా, అంటే దాదాపు లక్ష డాలర్లు. అద్దె నెలకు 12,000 రూపాయలు. సిడ్నీ బ్యాంకులో తల్లి పేరున మరో 45,000 డాలర్లు ఉన్నాయి. పింఛనుకు అప్లై చేసినప్పుడు తెనాలి ఇంటి సంగతి, ఇక్కడ పింఛన్లు చూసే ప్రభుత్వ శాఖ సెంటర్‌లింక్‌కు చెప్పలేదట. ఇప్పుడు అది బయటపడితే ఏమవుతుందోనన్న టెన్షన్ వేరే.

చివర్లో ఇలా రాశారు: "అమ్మ తెనాలి ఇంటి తాళాలు ఎప్పుడూ కొంగుకు కట్టుకునేది. హాస్పిటల్ గౌనుకు కొంగు లేదు కదా, దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది. నేను ఇల్లు అమ్మాలా, లోన్ తీయాలా, తమ్ముడి పేర రాయించాలా? అసలు నేను చేస్తున్నది ద్రోహమా?"

—

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా అత్తగారి కోసం నేనూ ఇదే ఊళ్లో ఇలాంటి కాగితాలే పట్టుకుని తిరిగాను. అందుకే ముందుగా ఆ 5,50,000 సంగతి చెబుతాను, దాంతో కొంచెం ఊపిరి ఆడుతుంది. అది అందరూ కట్టే ఫీజు కాదు. ఆస్తి ఒక గీత దాటినవాళ్లకు ఆ గది పూర్తి ధర మాత్రమే. మీరిచ్చిన లెక్కలు నిజమైతే మీ అమ్మగారు ఆ గీతకు చాలా ఇవతల ఉన్నారు.

హోమ్ ఖర్చులో వేర్వేరు పద్దులున్నాయి, వాటిని విడదీసి చూడాలి. మొదటిది రోజువారీ ఫీజు. తిండి, బట్టలుతకడం, గది శుభ్రం, కరెంటు అన్నీ ఇందులోనే. దీన్ని అందరూ కట్టాలి. ఒంటరి పింఛను మూల మొత్తంలో 85 శాతం, 2025 సెప్టెంబర్ 20 నాటి రేటు ప్రకారం రోజుకు 65.55 డాలర్లు. రెండోది గది ఖర్చు, మీ భయమంతా దీనిమీదే. మూడోది ఆస్తి, ఆదాయం బాగా ఉన్నవాళ్లు కట్టే వాటా. 2025 నవంబర్ 1న కొత్త ఏజ్డ్ కేర్ చట్టం వచ్చాక ఇది రెండు ముక్కలైంది. తిండి, బట్టలుతకడం లాంటి సేవలకు తీసుకునే హోటలింగ్ వాటా, అప్పటి లెక్కలో సుమారు 2,38,000 డాలర్ల ఆస్తి దాటితేనే మొదలవుతుంది, రెండోదైన వైద్యేతర సేవల వాటా 5 లక్షలు దాటితే గానీ రాదు. ఆదాయం బట్టి కూడా ఇవి పడతాయి గానీ, పింఛను మీద బతికేవాళ్లకు ఆ సమస్య లేదు. మీ అమ్మగారికి ఈ రెండూ వర్తించవు. నర్సులు, గాయాలకు కట్లు, మందులు వేయడం లాంటి వైద్య సేవల ఖర్చు పూర్తిగా ప్రభుత్వానిదే.

ఇక గది సంగతి. దీని అంకెలు, కింద చెప్పే పింఛను రేటు కూడా 2025 సెప్టెంబర్ 20 నాటివే. ఆస్తి సుమారు 2,10,000 డాలర్లు దాటినవాళ్లు హోమ్ చెప్పిన ధర కట్టాలి. ఒకేసారి డిపాజిట్‌గా కట్టొచ్చు, దాన్నే ఇక్కడ రాడ్ అంటారు. లేదంటే ఆ మొత్తానికి వడ్డీ లెక్కగట్టి రోజువారీగా కట్టొచ్చు, దాన్ని డాప్ అంటారు. కొంత అలా కొంత ఇలా కట్టినా సరే. వడ్డీ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి 8 శాతం అనుకుందాం. 5,50,000కు రోజుకు 120 డాలర్ల పైచిలుకు అవుతుంది.

మీ అమ్మగారిది ఇంకో లెక్క. ఇల్లు లక్ష, బ్యాంకులో 45,000, మొత్తం 1,45,000. ఇందులో మొదటి 63,000ను పక్కన పెడతారు. మిగిలిన 82,000లో పదిహేడున్నర శాతం తీసి రోజులకు పంచితే రోజుకు సుమారు 39 డాలర్ల 40 సెంట్లు. గది కోసం ఆవిడ కట్టాల్సింది అంతే. హోమ్ రకాన్ని బట్టి ఇంకా తగ్గొచ్చు కూడా. తక్కినది ప్రభుత్వం హోమ్‌కు ఇస్తుంది.

రోజువారీ ఫీజుతో కలిపి రోజుకు 105 డాలర్లు. పూర్తి పింఛను రోజుకు సుమారు 84 వస్తుంది. తేడా 21 డాలర్లు, ఏడాదికి ఏడున్నర వేల పైన. బట్టలు, ఫోను, మందుల్లో మనం కట్టాల్సిన కొద్దిపాటి సొమ్ము ఇంకో రెండు వేలు వేసుకోండి. తెనాలి అద్దె కొంత పూడుస్తుంది. ఆ 45,000తో అయిదేళ్ల దాకా నెట్టుకురావచ్చు. పైగా పొదుపు తరిగేకొద్దీ గది వాటా కూడా తగ్గుతుంది. దీనికోసం ఎవరి ఇల్లూ అమ్మక్కర్లేదు, మీ లోన్ ముట్టుకోనక్కర్లేదు.

కానీ ఒక్క విషయంలో జాగ్రత్త పడాలి. ఇల్లు 60 లక్షలన్నది మీ తమ్ముడి అంచనా. తెనాలిలో స్థలాల ధరలు మీకూ తెలుసు. ఆ ఇల్లు ఏ మెయిన్ రోడ్డు దగ్గరో ఉండి కోటి పాతిక లక్షలు చేస్తుందని తేలితే, బ్యాంకు డబ్బుతో కలిపి రెండున్నర లక్షల డాలర్లు దాటిపోతుంది. అప్పుడు గీత అవతలికి వెళ్లి గది పూర్తి ధర కట్టాల్సినవారవుతారు. కాబట్టి రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత ఇంటి విలువ కట్టించి, కాగితం మీద తీసుకోండి. తగ్గించి రాయించొద్దు. ఆ కాగితం మీద ఆధారపడే మిగతా నిర్ణయాలన్నీ తీసుకుంటారు కదా.

సెంటర్‌లింక్‌కు చెప్పలేదన్నారు. ఇది దాచినకొద్దీ పెరిగే భయం, చెబితే చాలావరకు తీరిపోయేది. ప్రపంచంలో ఎక్కడ ఆస్తి ఉన్నా ఇక్కడ లెక్కలోకి వస్తుంది, మీ అమ్మగారి ఇల్లూ అంతే. అయితే సొంతిల్లు లేని ఒంటరి వ్యక్తికి పూర్తి పింఛను రావడానికి 2025 జులై నాటి లెక్కలో ఆస్తి పరిమితి 5,79,500 డాలర్లు. ఆవిడ ఆస్తి అందులో పావు వంతే. అద్దె రెండు వారాలకు వంద డాలర్ల లోపు, ఆదాయానికి అదే లెక్కలో ఉన్న మినహాయింపు 218. కాబట్టి మొదటినుంచీ చెప్పి ఉన్నా పింఛను తగ్గేది కాదేమో. ఎక్కువ ఇచ్చింది లేకపోతే తిరిగి కట్టమనడానికీ ఏమీ ఉండదు. కానీ హోమ్ ఫీజు లెక్క వేసేదీ ఆ శాఖే. పింఛను తీసుకుంటూ సొంతిల్లు లేనివాళ్లకు తమ దగ్గరున్న వివరాలతోనే లెక్క తేల్చేస్తారు. అంటే ఇప్పుడు మీరు నోరు మెదపకపోతే, తప్పు వివరాల మీద ఫీజు ఖాయమవుతుంది. తర్వాత బయటపడితే నిజంగానే బాకీ పడతారు.

తమ్ముడు అడుగుతున్న గిఫ్ట్ డీడ్ గురించి. ముందుగా, గవర్నమెంటు ఇల్లు లాక్కోదు. విలువ లెక్కలో వేసుకుంటుంది, అంతే. రెండోది, రాసిచ్చినా ఆ లెక్క తప్పదు. ఏడాదికి 10,000, అయిదేళ్లలో 30,000 డాలర్లకు మించి ఎవరికైనా ఊరికే ఇచ్చేస్తే, మించిన మొత్తాన్ని అయిదేళ్లపాటు ఆవిడ దగ్గరే ఉన్నట్టు లెక్కిస్తారు. అంటే ఇల్లు పోతుంది, ఫీజు మాత్రం పెద్దగా తగ్గదు. అద్దె తమ్ముడికి వెళ్తుంది, 21 డాలర్ల తేడా మీ నెత్తిన పడుతుంది. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తోంది. రెండేళ్లుగా మతిమరుపు ఉన్న మనిషి చేత సంతకం పెట్టిస్తే, అది తెలిసి చేసిన సంతకమేనా అన్న ప్రశ్న రేపు కోర్టులోనైనా వస్తుంది, ఇంట్లోనైనా వస్తుంది. ఇల్లు తమ్ముడికే వెళ్లాలని అమ్మగారి మనసులో ఉంటే ఉండొచ్చు, అది వేరే మాట. ఆ పని హోమ్ ఫీజు తప్పించుకోవడానికని చెప్పి, హాస్పిటల్ మంచం మీద చేయించకండి.

ఇంటిని అమ్మడం కూడా ఒక దారే, ఇప్పుడే కాదు గానీ. అమ్మినా ఆస్తి విలువ మారదు, రూపం మారుతుంది. చేతిలో డబ్బుంటే అందులోంచి కొంత హోమ్‌లో డిపాజిట్ పెట్టి రోజువారీ వాటా తగ్గించుకోవచ్చు. 8 శాతం లెక్కన 30,000 పెడితే రోజుకు ఆరున్నర డాలర్లు తగ్గుతుంది, అది బ్యాంకు వడ్డీకంటే నయం. అయితే కొత్త చట్టం కింద డిపాజిట్‌లో ఏడాదికి 2 శాతం చొప్పున, అయిదేళ్ల దాకా హోమ్ తీసేసుకుంటుంది. మిగిలినదే వెనక్కి వస్తుంది, దానికి ప్రభుత్వ హామీ ఉంది. ఇండియాలో అమ్మకానికి పన్ను, కొనేవాళ్లు ముందే పట్టుకునే టీడీఎస్, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్, ఎన్‌ఆర్‌ఓ ఖాతా నుంచి డబ్బు ఇటు పంపడం, ఇవన్నీ నెలల తరబడి నడిచే పనులు. రెండు వారాల గడువులో తేలేది కాదు.

అమ్మాలన్నా, అద్దెకిచ్చి నిలుపుకోవాలన్నా, ఆవిడ తరఫున సంతకం ఎవరు చేస్తారో మాత్రం వెంటనే చూసుకోవాలి. ఇక్కడ న్యూసౌత్‌వేల్స్‌లో డబ్బు వ్యవహారాలకు ఎండ్యూరింగ్ పవర్ ఆఫ్ అటార్నీ, ఎక్కడ ఉండాలి, ఏ వైద్యం అన్నవాటికి ఎండ్యూరింగ్ గార్డియన్ అని రెండు వేర్వేరు కాగితాలు. మనిషికి అర్థం చేసుకునే శక్తి పోయాక కూడా చెల్లుతాయి కాబట్టే వాటికి ఆ పేరు. ఇండియాలో రాసుకునే మామూలు జీపీఏ అలా కాదు, ఇచ్చిన మనిషి మతి తప్పితే అది చెల్లదు. చాలామందికి ఈ తేడా తెలియక తర్వాత ఇరుక్కుంటారు. మీ అమ్మగారు ఇంకా మనుషుల్ని గుర్తుపట్టి, అడిగినదానికి జవాబు చెబుతున్నారని రాశారు. ఉదయంపూట తేటగా ఉంటారన్నారు కూడా. డాక్టర్‌తో మాట్లాడి, ఉదయంపూట లాయర్‌ను పిలిపించండి. తెలుగు దుభాషి ఉండాలి, ఆ దుభాషి మాత్రం మీరు కాకూడదు. అప్పటికే ఆవిడకు అర్థం చేసుకునే శక్తి లేదని డాక్టర్ అంటే, ఆవిడ తరఫున నిర్ణయాలు తీసుకునేవారిని నియమించే ట్రైబ్యునల్‌కు వెళ్లాల్సి వస్తుంది. అదీ దారే, కాస్త ఆలస్యం.

మీవారి ఆలోచన గురించి. అత్తగారి కోసం ఇంటి లోన్ తీస్తానన్న మనిషి దొరకడం మాటలు కాదు. కానీ పిల్లల ఆస్తి ఇక్కడ లెక్కలోకే రాదు, కట్టాల్సిన బాధ్యతా లేదు. ఒకవేళ మీరు మంచి గది కోసం డిపాజిట్ కట్టారే అనుకోండి, రేపు అది తిరిగి వచ్చేది ఆవిడకు, ఆవిడ తర్వాత వారసులకు. మీకని కాదు. మీ లోన్ సొమ్ములో తమ్ముడికీ వాటా వస్తుంది. మీరు ఆవిడకు అప్పుగా ఇచ్చినట్టు లాయర్ చేత రాయించుకోకపోతే, అక్కాతమ్ముళ్ల మధ్య మాట పడేది అక్కడే. హోమ్ ఒప్పందంలో గ్యారంటర్ అన్న మాట ఉందేమో కూడా చూడండి. మా అత్తగారి కాగితాల్లో చివరి పేజీలో ఉంది, మావారు చూడకుండా సంతకం పెట్టబోయారు.

తెనాలికి పంపించెయ్ అన్న మాటను కొట్టిపారేయను. అమ్మగారు ఇంటినే కలవరిస్తున్నారు, మనిషిని పెట్టుకునే వీలుంది, తెలుగు మాట చెవిన పడుతుంది. కానీ తుంటి ఆపరేషన్ అయిన మనిషికి అంత దూరం విమానం, అక్కడ ఇద్దరు పట్టుకుని లేపే ఏర్పాటు రాత్రీ పగలూ ఉండాలి. డబ్బు సంగతి కూడా చెప్పాలి. పింఛనుదారు ఆస్ట్రేలియా బయట 26 వారాలు దాటి ఉంటే, పని వయసులో ఈ దేశంలో గడిపిన ఏళ్ల లెక్కన పింఛను కుదిస్తారు. అరవై దాటాక వచ్చిన మీ అమ్మగారికి అలాంటి ఏళ్లు దాదాపు లేవు. ఆర్నెల్ల తర్వాత ఆ ఖర్చు మొత్తం ఎవరు భరిస్తారో తమ్ముణ్ని నెమ్మదిగా, అంకెలతో అడగండి. భరిస్తానని, తెనాలిలో తనే వచ్చి ఉంటానని అంటే అప్పుడు కూర్చుని మాట్లాడవచ్చు. హైదరాబాద్ నుంచి ఫోనులో చూసుకుంటానంటే మాత్రం ఒప్పుకోకండి.

రెండు వారాల గడువు విషయంలో అంత కంగారు పడొద్దు. హాస్పిటల్ నుంచి వచ్చినవాళ్లకు 12 వారాల దాకా కోలుకునే సాయం అందించే ట్రాన్సిషన్ కేర్ ఉంది, మీ అమ్మగారికి కుదురుతుందేమో వార్డులో సోషల్ వర్కర్‌ను అడగండి. లేదంటే రెస్పైట్ కింద ముందు కొన్ని వారాలు హోమ్‌లో ఉంచవచ్చు, ఏడాదికి 63 రోజుల దాకా. అందులో గది డబ్బు కట్టక్కర్లేదు, రోజువారీ ఫీజు చాలు. దేనికైనా ముందు మై ఏజ్డ్ కేర్ అనే ప్రభుత్వ సేవ ద్వారా, ఆవిడకు ఎంత సాయం కావాలో తేల్చే అసెస్‌మెంట్ జరగాలి, హాస్పిటల్‌లోనే చేయిస్తారు. శాశ్వతంగా చేరినా, గది డబ్బు ఏ పద్ధతిలో కట్టాలో చెప్పడానికి చేరిన రోజు నుంచి 28 రోజులుంటాయి. ఆ రోజే తేల్చమని ఎవరైనా తొందరపెడితే, చట్టం నాకు ఇచ్చిన టైమ్ ఇది అని చెప్పండి.

హోమ్‌లు చూడ్డానికి వెళ్లినప్పుడు గది ధర అడిగే ముందే, తక్కువ ఆస్తి ఉన్నవాళ్లకు ఖాళీ ఉందా అని అడగండి. కొన్నిచోట్ల లేదంటారు. మొహమాటపడి దాచుకుంటే చివర్లో ఇబ్బంది. అదనపు సౌకర్యాల ప్యాకేజీ అని ఏదైనా అంటగట్టబోతే, చేరకముందు దానికి ఒప్పుకోవాల్సిన పని లేదు, ఒప్పుకుంటేనే చేర్చుకుంటామనడానికీ వీల్లేదు. శాకాహారం అదనపు సౌకర్యం కాదు. తిండి వేళలు కూడా అడగండి. మా అత్తగారికి సాయంత్రం అయిదింటికే రాత్రి భోజనం పెట్టేవారు, మొదటి వారం ముద్ద దిగలేదు. తర్వాత ఆవిడ ప్లేటు ఏడింటి దాకా ఫ్రిజ్‌లో ఉంచి వేడి చేసి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అడిగితేనే చేశారు.

సెంటర్‌లింక్‌లోనే ఫైనాన్షియల్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ అని ఉచితంగా లెక్కలు వివరించే అధికారులు ఉంటారు, 132 300కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడగండి. తెలుగులో మాట్లాడాలంటే 131 450కు చేస్తే దుభాషిని కలుపుతారు. హోమ్‌తో పేచీ వస్తే 1800 700 600లో వృద్ధుల తరఫున మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఇల్లు విలువ కాగితం రాగానే ముందు ఈ మొదటి ఫోన్ చేయండి, ఆ తర్వాతే ఏ హోమ్ ఒప్పందం మీదైనా సంతకం.

ద్రోహమా అని అడిగారు. పదిహేనేళ్లు అమ్మను ఇంట్లో పెట్టుకుని చూసుకున్నారు. ఇప్పుడు ఆవిడను లేపడానికి ఇద్దరు కావాలి, మీ ఇంట్లో పగటిపూట మీరొక్కరే. ఇందులో నాకు ద్రోహం కనిపించలేదు. మీ తమ్ముడితో కూడా ఇదే మాట చెప్పండి. పైన వేసిన లెక్క కాగితం మీద రాసి వాట్సాప్‌లో పంపండి. ఇల్లు అమ్మ పేరునే ఉంటుందని, అద్దె అమ్మ ఖాతాలోనే పడాలని, వాల్యుయర్‌ను అతనే మాట్లాడాలని చెప్పండి. దూరంగా ఉన్నవాళ్లకు చేయడానికి ఒక పని దొరికితే చాలాసార్లు కోపం తగ్గుతుంది.

తాళాలు మాత్రం ఆవిడ దగ్గరే ఉంచండి. హోమ్‌లో సామాను రాసుకునే పట్టీలో 'ఇంటి తాళాలు, తీయకూడదు' అని రాయించండి. ఆవిడ నైటీకి ఒక జేబు కుట్టించండి, తాళాల గుత్తి పట్టేంత.